మింగిన దెబ్బ

ముఖాలు చూపించని ఒక పోస్ట్-పంక్ రాక్ బ్యాండంటే మా జిల్లాలో నాకొక్కదానికే పిచ్చి అనుకున్నాను. ఇన్‌స్టాలో హరినాథ్ తగిలినాడు. నెలంతా ఆ గరుకు గిటార్ల గురించే మాట్లాడుకున్నాము. ఈ పొద్దు ధర్మవరం బస్టాండులో మొదటిసారి ఎదురుపడినాము.

"మన బ్యాండుది కొత్త పాట. ఇంకా ఎవ్వరూ విన్లేదు, మొదట నువ్వే" అని ఒక ఇయర్‌ఫోను నాకిచ్చి, ఇంకొకటి తాను పెట్టుకున్నాడు.

గిటారు కింద మోగేది డ్రమ్ము కాదు, మగ్గం! నేనూ చీరలు నేసే మనిషినే కదా, ఒళ్లు పులకరించింది.

"భలే పెట్టినారప్పా!" అన్నాను.

ఆడతా ఆడతా ఆ మగ్గం ఒక దెబ్బ మోగకుండా మింగింది. కొంచేపటికి మళ్లీ మింగింది. పోయిన వారం కాలితో తొక్కే పలక సడలినప్పటి నుంచి మా మగ్గం కూడా అచ్చం అట్లే మింగుతా ఉండె.

పాటలో, మగ్గం వెనకాల ఎవరో దగ్గినారు. అది మా అమ్మ దగ్గు.

మా ఇల్లు యాడుండాదో నేను అతనికి ఎప్పుడూ చెప్పలేదు.

ఇయర్‌ఫోను పీకేసినాను. "ఇది నీకెట్ల దొరికింది?"

హరినాథ్ నా చేతుల వైపే చూస్తాండాడు.

"మొన్నటి నుంచి మగ్గం ఎందుకు ఆపినావు సువర్ణా? పాట సగంలోనే నిలిచిపోయింది."