రాజుగారి బొటనవేలు

రెండో అంకం మొదలవబోతుంటే డైరెక్టరు వచ్చి ఆమె వెనక సీట్లో కూర్చున్నాడు. ముందుకు వంగి గుసగుసగా అన్నాడు.

"వదినా, అన్నయ్యకి మీరైనా చెప్పారా? ఇవాళ గానీ ఆ వేలు కదిలిందో, రేపటి నుంచి శవం వేషం ఇంకొకరికి ఇచ్చేస్తాను. ఇక నా చేతుల్లో లేదు."

"చెప్పాను బాబూ. పొద్దున బయల్దేరేటప్పుడే చెప్పాను," అంది ఆమె.

తెర లేచింది.

వేదిక మధ్యలో చనిపోయిన రాజు. ఆ వేషంలో ఆమె భర్త. పాదాలు ప్రేక్షకుల వైపున్నాయి. ఇరవై నిమిషాలు అలా పడుకునే ఉండాలి. చుట్టూ రాణి నాట్యం చేస్తుంది. ఈ బ్యాలేకి ఆయువుపట్టు ఆ ఇరవై నిమిషాలే.

ఒకప్పుడు ఇదే వేదిక మీద ఆయన గాల్లోకి లేస్తే జనం ఊపిరి బిగబట్టేవారు. ఇప్పుడు మేకప్ గది మెట్లెక్కడానికి రెండుసార్లు ఆగుతాడు. బృందంలో ఆయనకు మిగిలింది ఈ ఒక్క వేషమే. ప్రదర్శన లేని రోజు ఇంట్లో ఆ గదిలోంచి ఈ గదిలోకి తిరుగుతూనే ఉంటాడు. "ఎగరడం ఎవరికైనా నేర్పొచ్చు. ఒంటిని మొత్తం ఊరుకోబెట్టడమే కష్టం" అంటాడు.

అలాంటి మనిషికి నెల రోజులుగా, రోజూ, కుడికాలి బొటనవేలు కదులుతోంది. అడిగితే తిమ్మిరి అంటాడు. "పాపం, పోయినా రాజుగారిని దోమలు వదల్లేదు" అని మొన్న ఒక పత్రిక రాసింది.

రాణి మునివేళ్ళ మీద లేచింది. విల్లులా వెనక్కి వంగింది. భుజం నుంచి వేలికొస దాకా చెయ్యి నీళ్ళలా జారింది. హాలంతా ఆ చేతి వెంటే వెళ్ళింది.

ఇద్దరు మాత్రం బొటనవేలినే చూస్తున్నారు.

ఐదు నిమిషాలు. ఆమె సీటు అంచుకి జరిగింది. పది. చేతిసంచి తాడు వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది.

"కాస్త కుదురుగా కూర్చోమ్మా," అన్నాడు పక్క సీటు పెద్దాయన. ఆమె వినిపించుకోలేదు.

పదిహేను. వేలు రాయిలా ఉంది.

"శభాష్. ఇవాళ బతికించాడు," అని గొణిగాడు డైరెక్టరు.

ఆమె మెడ మీద చెమట పట్టింది. పద్దెనిమిది. రాణి ఆయన మీదుగా ఎగిరింది. గాల్లో ఒక్క క్షణం ఆగినట్టే అనిపించింది. దిగినప్పుడు చప్పుడు కూడా కాలేదు.

అప్పుడు కదిలింది వేలు. కొంచెమే. రెండుసార్లు.

డైరెక్టరు నుదురు కొట్టుకున్నాడు. "అయిపోయింది వదినా. ఇక నన్నేమీ అనుకోవద్దు."

ఆమె సీట్లో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది.

పొద్దున గుమ్మం దగ్గర ఆయన చేతిలో గుండె మాత్ర పెడుతూ, "వేషం పోతే పోనివ్వండి, ఉన్నానని రోజూలాగే ఆ వేలితో నాకు చెప్పండి" అని చెప్పి పంపింది ఆమే.