కుడి సెన్సార్

పీత గీత వదిలేసింది. ఉన్నచోటే కుడివైపుకి గిరగిరా తిరుగుతోంది.

"దీనికి తలతిరుగుడు పట్టిందిరో," వెనక బెంచీల్లోంచి ఎవరో అన్నారు. హాలు గొల్లుమంది.

పీత అంటే బోగోలు దగ్గరి సముద్రపు ఒడ్డు బడిలో పదో తరగతి వాణి తయారుచేసిన రోబో. తెల్లటి ఫ్లెక్సీ మీద అంటించిన నల్లటేపు వెంట అది చివరిదాకా నడవాలి. నడిస్తే వాణి నెల్లూరు శిక్షణకి వెళ్తుంది. నడవకపోతే సోమవారం నుంచి రొయ్యల కంపెనీలో తలలు తీస్తుంది. ఊరందరి ముందూ వాళ్ల నాన్న వెంకయ్య పెట్టిన షరతు అది.

"పొద్దున బాగానే నడిచింది కదమ్మా?" అన్నాడు కోడింగ్ నేర్పడానికి కావలి నుంచి వచ్చిన అక్రమ్. "ఇంకో అయిదు నిమిషాలు ఇవ్వగలను. అంతే."

"చాలు సార్." వాణి లాప్‌టాప్ తెరిచింది. "ఎడమ సెన్సార్ అంకెలు మారతా ఉండాయి. కుడిది కదల్లేదు. ఎప్పుడూ నలుపే చూస్తా ఉంది, అందుకే అటే తిరగతా ఉంది. నా కోడ్ తప్పు కాదు సార్. ఎవరో చెయ్యి పెట్టినారు."

పీతని వెల్లకిలా తిప్పింది. పొట్టకింద, కుడి సెన్సార్ మీద బొట్టుబిళ్లంత నల్లటి మరక. గుండ్రంగా, జిడ్డుగా.

"గ్రీజులా ఉందే," అన్నాడు అక్రమ్.

హాలంతా వెంకయ్య వైపు తిరిగింది. పడవ ఇంజను విప్పి నేరుగా వచ్చినట్టున్నాడు, మోచేతుల దాకా గ్రీజే.

"నన్నేంది చూస్తారు?" వెంకయ్య గొంతు లేచింది. "వద్దనుకుంటే ఇంట్లోనే వద్దంటా. దొంగపని చేస్తానా?"

"ఎవరైతే ఏంలే వాణీ, ముందు తుడువు. టైమవుతోంది," అంది సైన్సు టీచర్ సుభాషిణి. ఆఫీసుల చుట్టూ తిరిగి ఈ కోడింగ్ వర్క్‌షాపుని బడికి తెచ్చింది ఆమే.

వాణి మరకని వేలితో తీసి వాసన చూసింది. "మా నాన్న కాదు. ఇంజను గ్రీజైతే డీజిల్ కంపు కొడతాది. ఇది ఆముదం, కర్పూరం. కాటుక."

"బొమ్మకి కాటుకేందే?" వెనక నుంచి మళ్లీ నవ్వు.

"దిష్టి చుక్క," వెంకయ్య నెమ్మదిగా అన్నాడు. "నీ చిన్నప్పుడు మీయమ్మ అరికాలికి పెట్టేది పాపా, పైకి కనబడకుండా."

ఈసారి అందరూ చూసింది వాణి నాయనమ్మ మాలకొండమ్మని. పొద్దున రోబోకి కట్టమని నిమ్మకాయ, మిరపకాయలు తెచ్చింది ఆమే. సైన్సు బడిలో దిష్టేమిటని సుభాషిణి టీచర్ గుమ్మంలోనే వాటిని లాక్కుని చెత్తబుట్టలో పారేసింది.

"టీచరమ్మ నన్ను గడపే తొక్కనీలే," మాలకొండమ్మ రుసరుసలాడింది. "ఇదో, నా కొడుకెనకాల ఇప్పుడే లోపలికొచ్చినా."

వాణి చున్నీతో సెన్సార్ తుడిచింది. పీతని గీత మీద పెట్టి చెయ్యి తీసింది. అది ఒక్కసారి తడబడి గీత పట్టుకుంది. మలుపు తిరిగింది. ఇంకో మలుపు. గీత చివరున్న గడిలోకి వెళ్లి ఆగింది.

వెంకయ్య గ్రీజు చేతులతోనే చప్పట్లు కొట్టాడు. "నెల్లూరుకి ఎప్పుడు పంపాల సారూ?"

"చెప్తాను గానీ," అక్రమ్ నవ్వాడు, "ఇంతకీ ఆ చుక్క పెట్టిందెవరు?"

వాణి తలెత్తి చూసింది. ఎదురుగా ఒకరి కుడికంటి కాటుక చెరిగి ఉంది. ఆమె చూపుడువేలు గబుక్కున కొంగులోకి వెళ్లింది.

"దిష్టి లేదని నిమ్మకాయ పారేసిన మనిషే సార్," అంది వాణి. "మా సుభాషిణి టీచర్."