కోతమిషను వంతు

“బేగి నొక్కు బాబూ! తుపాను నెత్తి మీదికొచ్చీసినాది” అని కసిరింది దాలమ్మ.

కోటబొమ్మాళి దగ్గర ఆ ఊరికి దొరికింది ఒకే ఒక్క వరికోత మిషను. ముందు వంతులవాళ్లకే గింజ దక్కుతుంది.

ఏటా చీటీలు వేసేవారు. ఈసారి ఎరువుల కొట్టు ప్రమోద్ పంచాయతీ ఆఫీసుకి ల్యాప్‌టాప్ తెచ్చాడు. కాలవ మొదటి చేను నుంచి చివరి చేను దాకా వరసగా పేర్లు కొట్టాడు. అవీ పొలం ఆసాముల పేర్లే. ఒళ్లు వంచేది కౌలురైతైనా, వాడి పేరు ఏ పట్టీలోనూ ఎక్కదు కదా!

పేర్లు కలిపే మీట నొక్కాడు. కాలవ చివరి దాలమ్మకి మధ్య వంతు వచ్చింది. హమ్మయ్య అనుకుంది.

అంతలో వెనక నుంచి తెర మీదికి తొంగిచూసి ఎవరో కొత్తమనిషి అడ్డుపడ్డాడు.

“అది సరిగ్గా కలపదు బాబూ. రెండేసి పేర్లకీ బొమ్మాబొరుసేసినట్టు ర్యాండమ్ నంబరుతో అలా సార్ట్ సేయిస్తే, కొన్ని బ్రౌజర్లలో పైన కొట్టిన పేరు పైనే ఉండిపోతాది. ఇంకోపాలి నొక్కు, నీకే తెలుస్తాది.”

ప్రమోద్ రోషంగా నొక్కాడు.

పై పేర్లు దాదాపు పైనే ఉన్నాయి. దాలమ్మ అట్టడుగుకి పోయింది.

“సూసారా! సీటీలే ఎయ్యండి” అన్నాడు కొత్తమనిషి.

“ఏటి సూసేది? ఇప్పుడొచ్చిందే ఖాయం!” ఎగువ రైతులు గొంతు చించుకున్నారు.

సిగ్గులేని జనం! మొదట వచ్చింది అప్పుడే మరిచిపోయారు.

దాలమ్మకి ఒళ్లు మండిపోయింది. అంతమందినీ ఏం చెయ్యగలదు? దొరికినవాడి మీద పడింది.

“ఎవుడ్రా నువ్వు? నోటికాడ కూడు తీసీసినావు గదరా! నీ నోరు పడిపోను!”

మెడపట్టి గుమ్మం బయటికి గెంటింది.

తెల్లారి మిషను తిన్నగా దాలమ్మ చేలోకి దిగింది.

“ఎగతాళేటి? నాది ఆకరి వంతు!” అని డ్రైవరు మీద విరుచుకుపడింది.

“మొదటి వంతు రమేష్‌బాబు గారి సేనుకొచ్చింది. ఈ ఏడు కౌలుకి సేస్తన్నాయన నీతో మార్సీసుకున్నాడమ్మా. నీ ఆకరి వంతు ఆయన తీసుకున్నాడు.”

వాన దంచేసరికి దాలమ్మ ధాన్యం ఇల్లు చేరింది. ఆ మహానుభావుడెవరో, కాళ్లకి దండం పెట్టాలని తడుస్తూనే రమేష్‌బాబు చేను వైపు పరిగెత్తింది.

మునిగిపోయిన చేను గట్టు మీద నిలబడి ఉన్నది, నిన్న ఆమె గెంటేసిన మనిషే.