చెంబెడు నీళ్ళు

"చీకటి పడేలోగా ఇది నా కళ్ళముందు బయట ఉచ్చ పోసిందా, ఉంటుంది. లేదా, పొద్దున్నే దీన్ని ఎవరికిచ్చుకుంటారో మీ ఇష్టం," అంది ఇంటావిడ. మొగుడి చేత గేటు పక్కన కుర్చీ వేయించుకుని మరీ కూర్చుంది.

పై వాటాలో అద్దెకుంటున్న కండక్టరు, అతని భార్య కుక్కపిల్ల వంక చూశారు. నల్లగా ఉంటుందని దానికి బొగ్గు అని పేరు పెట్టుకున్నారు. బొగ్గు మాత్రం రోడ్డు వంక చూస్తోంది.

"కానీ తల్లీ, కానీ," అన్నాడు కండక్టరు తాడు వదులు చేస్తూ. బస్సులో జనాన్ని ముందుకు జరిపే గొంతు అతనిది. ఇప్పుడు బతిమాలుతోంది.

బొగ్గు కరెంటు స్తంభాన్ని వాసన చూసింది. పక్కింటి గోడ వాసన చూసింది. ఆగి ఉన్న స్కూటరు చక్రం దగ్గర వెనక కాళ్ళు కొంచెం వంచింది. ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. అది తీరిగ్గా కూర్చుని చెవి గోక్కుంది.

"చూశారా. నిన్న నేను వరండాలో కాళ్ళు కడుక్కుంటుంటే, పక్కనే నిలబడి నా ముఖం చూస్తూ పోసింది. ఎంత పొగరు," అంది ఇంటావిడ.

"చిన్నపిల్ల కదా పిన్నిగారూ. నేర్చుకుంటుంది."

"కుక్క తోక వంకరని ఊరికే అన్నారా అమ్మాయ్?"

కండక్టరు భార్య వంగి బొగ్గు వీపు నిమిరింది. ఆమె రోజంతా ఇంట్లో బట్టలు కుడుతుంది. బొగ్గు ఆమె కుడి పాదం మీద తలపెట్టి పడుకుంటుంది. దాన్ని లేపలేక ఎడమ కాలితోనే మిషను తొక్కుతుంది. ఆ పాదం మీద బరువు లేని రోజు ఎలా గడుస్తుందో తలుచుకుంటేనే ఆమెకు ఏడుపొచ్చింది.

వీధి దీపాలు వెలిగే వేళవుతోంది. "డ్యూటీ దిగి కాళ్ళయినా కడుక్కోలేదండీ. ఒక్క నిమిషం పైకెళ్ళి వస్తాం," అన్నాడు కండక్టరు.

"వెళ్ళి రండి. నేనెక్కడికీ పోను."

పైకి రాగానే అతను బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పాడు. ఇక్కడ హాల్లో, సరిగ్గా మిషను పక్కన, బొగ్గు కాళ్ళు వంచింది.

"ఏవండీ, కొంప మునిగింది," అందామె గొంతు తగ్గించి.

అతను గబుక్కున కుళాయి కట్టేసి వచ్చాడు. బొగ్గు కూడా ఆపేసింది. ఆమె నేల మీది తడిని చూసింది. బాత్రూం వైపు చూసింది.

"మళ్ళీ తిప్పండి."

"ఏంటి?"

"కుళాయి. కొంచెం తిప్పండి."

తిప్పాడు. బొగ్గు మళ్ళీ కాళ్ళు వంచింది. కట్టేశాడు. బొగ్గు లేచి నిలబడింది.

ఆమె తల పట్టుకుంది. "నా శుభ్రం పిచ్చే కొంప ముంచింది. మొదట్లో దీన్ని బాత్రూంలోనే కూర్చోబెట్టేదాన్ని కదా. మరక పడకూడదని ముందే కుళాయి తిప్పి పెట్టేదాన్ని. నీళ్ళ చప్పుడు వింటేనే పొయ్యాలనుకుంటోంది ఇది."

"అయితే ఇప్పుడు వీధిలోకి కుళాయి మోసుకెళ్ళాలా?"

ఆమె అప్పటికే చెంబు ముంచింది.

కింద ఇంటావిడ కుర్చీలోంచి లేవబోతోంది. "ఇంక చాలు. చీకటి పడింది."

"ఒక్కసారి పిన్నిగారూ," అంటూనే కండక్టరు భార్య గోడ వారగా చెంబు వంచి సన్నటి ధార పోసింది. బొగ్గు చెవులు నిక్కబొడుచుకుంది. ఓ అడుగు వేసింది. కాళ్ళు వంచింది. కండక్టరుకి ప్రాణం లేచొచ్చింది.

చెంబులో నీళ్ళయిపోయాయి. బొగ్గు కూడా ఠక్కున ఆపేసింది.

"ఇంకా మిగిలే ఉంది దానికి," అని భార్య చెవిలో అన్నాడు కండక్టరు. ఆమె అతని కాలు తొక్కింది.

ఇంటావిడ దగ్గరికొచ్చి చూసింది. నేల తడిగా ఉంది. "చేసిందే. మరి ఆ చెంబెందుకు?"

కండక్టరు చెంబు వంక చూశాడు. అతని భార్య మాత్రం తడుముకోలేదు. "కడగడానికండీ. నలుగురు నడిచే దారి కదా."

ఇంటావిడ ముఖం మెత్తబడింది. "ఇదీ శుభ్రత అంటే. నేనే తొందరపడి మాటలన్నాను. రండి, లోపలికి రండి."

"ఇప్పుడెందుకు లెండి పిన్నిగారూ."

"అద్దెకొచ్చినప్పటి నుంచి ఒక్కసారైనా నా ఇంట్లో కూర్చున్నారా? మాటలు పడ్డారు, టీ కూడా తాగండి."

కాదంటే బాగుండదని వెళ్ళారు. హాల్లో సోఫాకి తెల్లటి కవరు వేసి ఉంది. పోయిన వారమే కండక్టరు భార్య కుట్టిచ్చిన కవరు. ఇంటావిడ దాని మీద కూర్చుని, బొగ్గుని ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది.

"ఇలా ఇవ్వండి, చీర పాడవుతుంది," అంది కండక్టరు భార్య చేతులు చాస్తూ.

"పాడు చెయ్యదులే. ఇప్పుడే గదా అయింది. ఎంత బుద్ధిగా కూర్చుందో చూడు." ఇంటావిడ బొగ్గు తల నిమురుతూ లోపలికి కేకేసింది. "ఏవండీ, వీళ్ళకి కాస్త టీ పెట్టండి."

"అలాగే," అన్నాడు ఆయన లోపల్నుంచి. గిన్నె తీసిన చప్పుడైంది.

"బాబాయిగారూ, మాకు టీ వద్దండీ," అంటూ కండక్టరు వంటింటి వైపు పరిగెత్తాడు.

అప్పటికే ఆయన గిన్నె కడగడానికి కుళాయి తిప్పేశాడు.