సబ్బు లేని గుంపు

జంపక్క పిల్ల ముడ్డి కడిగింది. ఆ చేతిని చీర కుచ్చెళ్లకు తుడుచుకుంది. అదే చేత్తో జొన్న జావ ముంత తెచ్చి అక్సా ముందు పెట్టింది.

అక్సా గటగటా తాగేసింది.

పక్కనే కూర్చున్న విశ్రాంతమ్మ ఆ ముంత వైపే చూసింది. ముంత అంచు మీది ఈగ లేచి పిల్ల ముక్కు మీద వాలింది. అక్కణ్నుంచి తన కూతురు అక్సా పెదవి మీదకు వచ్చింది. ఇక చూడలేక తల తిప్పుకుంది.

"నీకు గూడ పొయ్యాల్నా అక్కా?" అంది జంపక్క.

"వద్దమ్మా. నాకు జావ పడది."

డిగ్రీ అయ్యాక అక్సాకు దొరికిన మొదటి కొలువు ఇది. భద్రాచలం అడవి పల్లెల్లో పిల్లల విరేచనాల మీద ఒక సంస్థ చేస్తున్న సర్వే. ఆడపిల్ల ఒక్కతే అడవిలో తిరిగితే జ్వరమో, పామో, ఎవడైనా వెంటపడటమో అని విశ్రాంతమ్మకు ఒకటే గుబులు. ఇల్లందులో గని పనికి పోయే మొగుడికి పప్పు ఎట్లా వండుకోవాలో చెప్పి, కూతురి వెంట వచ్చేసింది. ఇద్దరికీ భద్రాచలంలో కిరాయి గది.

సర్వే రెండు గుంపుల్లో, అంటే అడవిలోని చిన్న పల్లెల్లో. ఊటగుంపులో నూట ఇరవై మంది పిల్లలు, రేగులగుంపులో నూట ఇరవై మంది. ఊటగుంపులో ప్రతి ఇంటికీ నెలనెలా సబ్బులిస్తారు. రేగులగుంపుకు ఇవ్వరు. అక్కడ సబ్బు అనే మాట కూడా ఎత్తొద్దని పై అధికారి జయరాజ్ సారు గట్టిగా చెప్పాడు.

జంపక్కది రేగులగుంపు.

"మొదలు కడగాల్సింది గీళ్ల చేతులే. గీళ్లకే ఇయ్యరా?" అంది విశ్రాంతమ్మ, తిరుగు బస్సులో ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని.

"ఇద్దరికీ ఇస్తే తేడా ఎట్ల తెలుస్తది అమ్మా? సబ్బున్న గుంపుల వందకు ఎంతమందికి మోషన్లైనయ్, లేని గుంపుల ఎంతమందికైనయ్, అది చూస్తరు. నడుమ తేడా బాగుంటే సబ్బు పని చేసినట్టు. అప్పుడు అరవై గుంపులకు సబ్బులు మంజూరైతయ్. నా కొలువు నిలబడ్తది."

"తేడా లేకుంటే?"

"సంచి సర్దుకొని ఇల్లందు పోవుడే."

"కొలువు తర్వాత. నువ్వు ముందు ఆ జావ తాగుడు బంద్ చెయ్. వాగు పొంగితే బస్సు రాదు. వాంతులు పట్టుకుంటే నిన్ను ఏ దవాఖానాకు మోసుకపోను నేను?"

"తాగకుంటే జంపక్క చిన్నబుచ్చుకుంటది. ఆమె నోరిప్పకపోతే గుంపుల ఎవ్వరూ ఇప్పరు. నా ఫారం ఎట్ల నిండాలె?"

గదికి రాగానే విశ్రాంతమ్మ మోచేతుల దాకా రుద్ది రుద్ది కడుక్కునేది. కూతురి చేత కడిగించేది. అయినా అక్సా పెరట్లోకి పోయినప్పుడల్లా ఎన్నోసారో లెక్కపెట్టేది.

వానలు ముదిరేసరికి ఒక వింత జరిగింది. జంపక్క గుడిసె ముందు కూర్చుని విశ్రాంతమ్మే ముంత ఎత్తి జావ తాగింది.

అక్సా నవ్వింది. "నువ్వు మారినవే అమ్మా. ఇప్పుడు మనుషుల్ని మనుషుల లెక్క చూస్తున్నవ్."

విశ్రాంతమ్మ మూతి తుడుచుకుని ఖాళీ ముంత జంపక్కకు ఇచ్చింది.

ఎనిమిది నెలలు గడిచాయి. జయరాజ్ సారు హైదరాబాద్ నుంచి జీపులో వచ్చి, తల్లీకూతుళ్ల గదిలోనే ఫారాలు ముందేసుకున్నాడు. ఒక చేత్తో మిరపకాయ బజ్జీ తింటున్నాడు. ఆ నూనె వేలినే నాలుకకు అద్దుకుని ఫారాలు తిప్పుతున్నాడు. చేతులు కడుక్కోవడం మీద పరీక్ష పెట్టిన పెద్దమనిషి ఇతనేనా అనుకుంది విశ్రాంతమ్మ.

"సబ్బున్న ఊటగుంపులో పదిహేడు మందికి విరేచనాలు. లేని రేగులగుంపులో పంతొమ్మిది మందికి." క్యాలిక్యులేటర్ నొక్కాడు. "తేడా లెక్క పాయింట్ మూడు ఆరు వచ్చింది. ఒకటి పాయింట్ తొమ్మిది ఆరు దాటితేనే తేడా ఉన్నట్టు. ఇది ఉత్త గాలివాటం."

"సార్, పోయినేడు రెండు గుంపుల్లోనూ యాభై మందికి దగ్గర దగ్గర అయినయి. ఈసారి సగం గూడ లేదు," అంది అక్సా.

"రెండింట్లోనూ తగ్గింది కదమ్మా. సబ్బు లేకుండానే తగ్గుతుంటే ఇక సబ్బెందుకు? లేదంటే ఆ ఊటగుంపు ఆడవాళ్లు సబ్బులు సంతలో అమ్ముకుని ఉంటారు. వీళ్ల సంగతి నాకు తెలియదా?"

"అమ్ముకోలేదు సార్. వాడేసిన సబ్బు కాగితాలు ఇంటింటికీ పోయి చూసిన."

"సర్లే. అరవై గుంపుల ఫైలు మూసేస్తున్నాం. ఈ నెలతో నీ పని కూడా అయిపోయినట్టే." ఒక కాగితం అక్సా ముందుకు తోశాడు. దాని మీద వేలి జిడ్డు మరక పడింది. "ఈ ఎనిమిది నెలల్లో రేగులగుంపుకు ఎవరి ద్వారానూ సబ్బు అందలేదని రాసి ఉంది. నువ్వు దగ్గరుండి చూశావు కాబట్టి కింద సంతకం చెయ్."

అక్సా కళ్లు నిండాయి. చదవకుండానే పెన్ను మూత తీసింది.

విశ్రాంతమ్మ గోడ దగ్గర నుంచి లేచింది. సారు మొహం చూడలేదు. వచ్చి కూతురి మణికట్టు పట్టుకుంది.

"ఆగు బిడ్డా, నువ్వెట్లయినా వాళ్ల చేతి జావ తాగుడు మానవని, రేగులగుంపుల ఇంటింటికీ నెలనెలా నీకు తెల్వకుండ నేనే సబ్బులు కొనిచ్చిన."