వెయ్యి జబ్బుల పిన్ని

"చెప్పండి, ఏమిటి మీ బాధ?" అని అడిగి డాక్టరమ్మ పెదవులు బిగించుకుంది. ఎదుటి కుర్చీలో ఉన్న ఆవిడ సంచీ ఒళ్ళో పెట్టుకుంది గానీ నోరు విప్పలేదు. బల్ల కింద డాక్టరమ్మ కాలు దానంతటదే ఊగడం మొదలుపెట్టింది.

ఇది పరీక్ష. వచ్చినావిడ రోగి కాదు, రోగిగా నటించే మనిషి. పొద్దున్నే ఏ జబ్బు అప్పజెబితే ఆ జబ్బు ఒంటికి పట్టించుకుని వచ్చి కూర్చుంటుంది. మొన్న గుండెపోటు, అంతకుముందు క్షయ. కుర్ర డాక్టర్లంతా ఆవిడకు చాటుగా 'వెయ్యి జబ్బుల పిన్ని' అని పేరు పెట్టుకున్నారు. గోడకున్న అద్దం వెనక పెద్ద మేడమ్ కూర్చుని అన్నీ చూస్తూ, వింటూ మార్కులేస్తుంది. టైమవగానే గంట కొడుతుంది.

నడివయసు ఆడవాళ్ళ ఆరోగ్యం మీద ఈ ఆసుపత్రిలో పెద్ద పరిశోధన నడుస్తోంది. నెలసరి ఆగే వయసు వాళ్ళను ఏళ్ళ తరబడి కనిపెట్టుకుని ఉండే ఆ ఉద్యోగం మీద డాక్టరమ్మ ఎప్పుడో మనసు పారేసుకుంది. అందులోకి వెళ్ళాలంటే ఈ గది దాటాలి. ఇప్పటికే రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ పెద్ద మేడమ్ ఒకటే మాట అంది, "నీకు తెలివి బోలెడుందమ్మా, చెవులే లేవు" అని. ఈసారీ తప్పితే ఇక ఆశ వదులుకోవాల్సిందే. అందుకే ఇవాళ ఏమైనా సరే, అడ్డు తగలకూడదని ఒట్టు పెట్టుకుని వచ్చింది.

తీరా చూస్తే పిన్నే మాట్లాడటం లేదు. నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. పైకప్పు వంక చూసింది, అద్దం వంక చూసింది. ఇదేం కొత్త నాటకమని డాక్టరమ్మకు చిర్రెత్తుకొచ్చింది. అడగాల్సిన ప్రశ్నలన్నీ గొంతులో గుమిగూడి తోసుకుంటున్నాయి.

"వేడండీ," అంది పిన్ని చివరికి. "ఒంట్లోంచి వేడి పుడుతోంది."

ఒక్కసారి మొదలయ్యాక ఆగలేదు. గుండెల మీద రాజుకుని మెడ మీదుగా చెవుల దాకా పాకుతుందట. జాకెట్టు తడిసి ముద్దయ్యాక చలి పుడుతుందట. ఫ్యాను స్విచ్చు దగ్గర తనకూ మొగుడికీ రోజూ రభసే. చివరికి ఆయన దుప్పటి చంకన పెట్టుకుని ముందుగదిలోకి మకాం మార్చేశాడు. నీ పక్కన పడుకోవడమూ పొయ్యి పక్కన పడుకోవడమూ ఒకటే అన్నాడట. చెబుతూ పిన్ని తనే నవ్వింది. డాక్టరమ్మకూ నవ్వొచ్చింది. ఈ కేసు ఎవరు తయారుచేశారో గానీ కాపురం చేసినవాళ్ళే అయ్యుండాలి అనుకుంది.

గోడ గడియారం చూస్తే టైమెప్పుడో దాటిపోయింది. గంట మాత్రం మోగలేదు. తన ఓపికకు హద్దెక్కడో చూస్తున్నారన్నమాట. డాక్టరమ్మ ఊగుతున్న మోకాలిని చేత్తో అదిమి పట్టుకుంది.

"అసలు సంగతి అది కాదండీ," అంది పిన్ని, గొంతు తగ్గించి.

డాక్టరమ్మ చెవులు నిక్కబొడుచుకున్నాయి. పిన్ని అసలు జబ్బును నాలుక కింద దాచుకుంటుందనీ, ఓపికున్న వాళ్ళకే బయటపెడుతుందనీ ఇదివరకే ఈ పరీక్ష దాటిన స్నేహితురాలు ముందే చెప్పింది.

"మాటలు పోతున్నాయి. నాలుక చివరిదాకా వచ్చిన మాట చటుక్కున మాయమైపోతోంది. నాకేమో మాటతోనే బతుకు."

"ఏం పని చేస్తారు?"

పిన్ని మళ్ళీ అద్దం వంక చూసింది. "నేర్చుకున్నది అప్పజెప్పే పని."

టీచరు కాబోలు అనుకుంది డాక్టరమ్మ.

"మా అమ్మకు చివర్లో నా పేరే గుర్తులేదు. నాకూ అదే మొదలైందేమోనండీ. ఇంట్లో చెబితే నీదంతా పరధ్యానం అంటారు. పనిచేసే చోట చెబితే, రేపటి నుంచి రావద్దంటారు."

కళ్ళు నిండాయి. ఆవిడ తుడుచుకోలేదు. పిలిస్తే పలికే కన్నీళ్ళు, ఎంత అదృష్టమో అనుకుంది డాక్టరమ్మ. అయినా ఎందుకో ఊగే కాలు ఆగిపోయింది. కుర్చీ దగ్గరగా జరుపుకుంది.

ఈ వయసులో ఒంట్లో జరిగే మార్పుల వల్ల, నిద్ర కరువవడం వల్ల మాటలు తడబడటం చాలామందిలో ఉండేదేనని చెప్పింది. అమ్మగారికి వచ్చిందే ఇదని ఇప్పుడే అనుకోవద్దంది. అలాగని పరీక్షించకుండా ఏమీ లేదని కూడా అననంది. తర్వాత, ఏది తగ్గితే ముందు ప్రాణం కుదుటపడుతుందని అడిగింది.

పిన్ని ఒళ్ళోని సంచీ తీసి బల్ల మీద పెట్టింది. ఆ ప్రశ్న ఆవిడను ఇంతవరకూ ఎవరూ అడిగినట్టు లేదు.

"నిద్రండీ. కాస్త కంటినిండా నిద్రపోతే, మాటల సంగతి తర్వాత చూసుకుంటాను."

"అయితే నిద్రతోనే మొదలుపెడదాం. మంగళవారం రండి. నేనే చూస్తాను."

పరీక్షకొచ్చిన ప్రతి డాక్టరూ చివర్లో అనే మాటే అది. దానికీ మార్కులున్నాయి.

"నిజంగా రమ్మంటారా?"

"నిజంగానే రండి."

అప్పుడు మోగింది గంట. పిన్ని లేచి, సంచీ అందుకుని, తల ఊపి వెళ్ళిపోయింది.

పెద్ద మేడమ్ లోపలికొచ్చి పిన్ని కూర్చున్న కుర్చీలోనే కూర్చుంది. డాక్టరమ్మకు కుదురు లేదు. ఇవాళ పిన్నిగారు జీవించేశారనీ, ఆ కన్నీళ్ళకు తనే మోసపోబోయాననీ గబగబా చెప్పేసి, పాసయ్యానా అని అడిగింది.

పెద్ద మేడమ్ తలుపు వైపే చూస్తోంది.

"మంగళవారం ఎన్నింటికి రమ్మంటావు?"

"ఎవరిని మేడమ్? అది పరీక్ష కోసం అన్న మాట కదా."

"ఆవిడకు ఇవాళ మేమిచ్చిన జబ్బు మోకాళ్ళ నొప్పులమ్మా."