ముక్కలు కాని విమానం

మందమర్రి చౌరస్తాలోకి పెద్ద లారీ మీద యుద్ధ విమానం వచ్చిందంటే, ఇంకేముంది, కాలనీలన్నీ ఖాళీ.

షిఫ్టు దిగినవాళ్లు ఇంటి మొహం చూడలేదు. మసి బట్టలతోనే నిలబడిపోయారు.

అందరికన్నా దశరథానికి కాలు నిలవడం లేదు. బొగ్గుబాయి పని నుంచి రిటైరయ్యాక, చౌరస్తాలో నిలబెట్టడానికి ఊరికో విమానం కావాలని రెండేళ్లు తిరిగాడాయన. చివరికి, ఒకప్పుడు ఈ విమానాన్ని నడిపిన కరీంనగర్ పైలట్ శ్యాంసుందర్ దీన్ని ఎక్కడి నుంచో ఇప్పించాడు.

"దీని ఒంటి మీది ఒక్క బోల్టు గూడ పోవద్దు," అని ఊరి కమిటీ వాళ్లతో పొద్దుటి నుంచీ దశరథం ఒకటే పాట.

భయం ఉత్తదేం కాదు. మొన్ననే పార్కులో పెట్టిన బొగ్గు మోసే పాత టబ్బు బండి చక్రాలు ఎవరో ఊడదీసుకుపోయారు.

విమానం ముక్కుకు పసుపు కుంకుమ పెట్టారు. మెడ లేకపోయినా దండ వేశారు. కొత్త బండి వస్తే మనవాళ్లు ఊరుకుంటారా?

ఇక కొబ్బరికాయ కొట్టి, క్రేన్‌తో దిమ్మె మీదికి ఎక్కించడమే తరువాయి.

అప్పుడు కనబడ్డాడు ఒక ముసలాయన. మాసిన అంగీ, భుజాన సంచి. లారీ పక్కన నిలబడి, విమానం రేకును వేళ్లతో టకటకా కొట్టి చూస్తున్నాడు.

దశరథం ఒక్క ఉరుకున చేరుకున్నాడు.

"ఓ పెద్దమనిషి, ఏం జేస్తున్నవ్ ఆడ?"

"ఏం లేదు తమ్మీ. తొవ్వల ఏమన్న కదిలిందా అని జర చూస్తున్న."

"నీకెందుకు? ఏం పని జేస్తవ్ నువ్వు?"

"పాత ఇనుప సామాను బేరం. ఆదిలాబాద్‌ల."

దశరథానికి ఒళ్లు మండిపోయింది.

"చూసిన్రా, ఇంక దిమ్మె ఎక్కనేలే, అప్పుడే తూకం చూడ వచ్చిండు. నడువు బయటికి."

"ఇది దిమ్మె మీద నిలవడేదాక ఉంట తమ్మీ. దూరంగనే ఉంట."

"ఉండుడు గిండుడు ఏం లేదు."

కమిటీ వాళ్లు ఆయన రెక్క పట్టుకుని తీసుకుపోయి, మంచిర్యాల బస్సు ఎక్కించి మరీ వచ్చారు. బస్సు మలుపు తిరిగేదాకా ఆయన వెనక్కే చూశాడట.

పీడ పోయిందనుకున్నాడు దశరథం.

అంతలో శ్యాంసుందర్ కారు దిగాడు. చప్పట్లే చప్పట్లు.

"ఇది యుద్ధానికి పోయొచ్చింది," మైకు అందుకున్నాడాయన. "రెక్కకు తూట్లు వడ్డా నన్ను పానంతోని కిందికి దించింది. పాతదైనంక దీన్ని తుక్కు కింద అమ్మిన్రు. దీని తోటివన్ని ముక్కలైపోయినయ్."

జనం ఊపిరి బిగబట్టి విన్నారు. దశరథం ఉబ్బితబ్బిబ్బవుతూ కొబ్బరికాయ తెచ్చి ఆయన చేతికిచ్చాడు.

"మీరే కొట్టాలె సార్. దీన్ని బతికిచ్చింది మీరే గదా."

శ్యాంసుందర్ తల అడ్డంగా ఊపాడు.

"నేను గాదు. కొయ్యకుంట దాచినాయన వేరే ఉన్నడు. 'యుద్ధం జేసి సావకుంట వచ్చినదాన్ని నా చేత్తోని సంపుతనా' అన్నడు. ఇన్నేండ్లు తన షెడ్డుల వెట్టుకున్నడు. ఎవ్వలడిగినా అమ్మలే, మీకు ఉత్తగనే ఇచ్చిండు. దిమ్మె మీద నిలవడంగ కండ్లార చూస్తే చాలన్నడు. ముందుగాల్నే వస్తనన్నడు, ఈడనే ఉండాలె."

"ఎవరు సార్ ఆయన?" దశరథం ఆత్రంగా అడిగాడు.

శ్యాంసుందర్ జనంలో ఆయన కోసం వెతుకుతూ చెప్పాడు: "సిద్దిరాములు అని, ఆదిలాబాద్‌ల పాత ఇనుప సామాను బేరం జేస్తడు."